స్వరూప వద్దన్న మాట

2010లో మేము తార్నాకలో ఉండేవాళ్ళం. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో పీజీ విద్యార్థులకు మధ్యాహ్నం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేదాన్ని. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న చర్చి స్కూల్లో టీచరు. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. ఊరేగింపు ఉంటే బెంచీలు ఖాళీగా ఉండేవి. మర్నాడు గొంతు బొంగురుపోయిన పిల్లలు వచ్చి, ఆ గొంతులతోనే పాఠం చదివేవాళ్ళు.

వాళ్ళలో స్వరూప ఒకతె. జనగామ వైపు నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ పొలిటికల్ సైన్స్‌లో ఎమ్మే చదివేది. వాళ్ళింట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. జూనియర్ లెక్చరర్ కావాలని ఆమె ఆశ. ఇంగ్లీష్ మాట్లాడితే తప్పులొస్తాయని భయపడేది కాదు. తప్పొస్తే అది ఎందుకు తప్పో తేలేదాకా మాత్రం నన్ను వదిలేది కాదు.

ఒకరోజు ‘అకంపనీ’ అనే మాట చెబుతున్నాను. ఒకరికి తోడుగా వెళ్ళడమని అర్థం. దాదాపు అందరూ దాని పక్కన ‘విత్’ చేరుస్తారు. ‘మా అన్న నాతో వచ్చాడు’ అనడానికి ‘మై బ్రదర్ అకంపనీడ్ విత్ మీ’ అంటారు. ‘అకంపనీడ్ మీ’ అంటే చాలు, ఆ ‘తో’ క్రియలోనే ఉందని చెప్పాను. మామూలు మాటల్లో అయితే ‘కమ్ విత్’, ‘గో విత్’ హాయిగా సరిపోతాయి. స్టేషన్ దాకా వెళ్ళి రైలెక్కించి వస్తే ‘సీ ఆఫ్’. వెనకాల నడిస్తే ‘ఫాలో’. కాపలాగానో, మర్యాద కోసమో వెంట ఉండి చేరవేస్తే ‘ఎస్కార్ట్’.

స్వరూప లేచింది. “మేడం, మంత్రి వెంట పోలీసులు పోతరు, కోర్టుకు పోయే దొంగ వెంట గూడ పోలీసులే పోతరు. రెండింటికీ ఎస్కార్టేనా?”

రెండింటికీ అదేనన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం, అయితే చుట్టూ ఏదో అపాయం ఉందనుకుంటేనే ఆ మాట వాడతారన్నమాట అని తనలో తను అనుకున్నట్టు అంది. ఏళ్ళ తరబడి ఆ మాట నేర్పుతున్నా నేను దాన్ని అంత సూటిగా ఎప్పుడూ ఆలోచించలేదు.

కొన్ని వారాల తర్వాత, క్లాసు మధ్యలో బయట పెద్ద చప్పుడైంది. కాసేపటికి టియర్ గ్యాస్ పొగ కిటికీల్లోంచి లోపలికొచ్చింది. పిల్లలు గబగబా కిటికీలు మూసి నాకు తడిపిన రుమాలు ఇచ్చారు. మావారు ఫోన్ చేసి దారులన్నీ మూసేశారని, తాను రాలేకపోతున్నానని చెప్పారు. గోల్నాకలో ఉండే మా ఆడపడుచు కూడా ఫోన్ చేసింది. ఆంధ్రావాళ్ళమని తెలిస్తే ఏం చేస్తారో, గది దాటి బయటికి రావద్దంది. ఫోన్ పెట్టేసి తలుపు వైపు చూశాను.

పొగ తగ్గాక, అందరం కలిసి మేడంను ఎస్కార్ట్ చేద్దామని ఒక అమ్మాయి అంది.

“ఎస్కార్ట్ ఎందుకే? మన క్యాంపస్‌ల మేడంకు భయమేంది? నేను పోతా మేడంతోని,” అంది స్వరూప.

నేను వద్దన్నాను. రోడ్డు మీద కనబడిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లలో ఎక్కిస్తున్న రోజులవి. ఒక్క కేసు పడితే లెక్చరర్ ఉద్యోగం సంగతి మర్చిపోవాల్సిందే. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా ముఖం కడుక్కుని, చున్నీ నడుముకు బిగించి, నా పక్కన వచ్చి నిలబడింది.

దారంతా రాళ్ళు, తెగిన చెప్పులు. ఒక మలుపు దగ్గర కొందరు యువకులు గుమిగూడి ఉన్నారు. మేడంది ఏ ఊరని ఒకతను అడిగాడు. స్వరూప నా బదులు జవాబు చెప్పలేదు. నావైపు చూసిందంతే. తెనాలి అన్నాను. అతను చెయ్యి చూపిస్తూ, “జర గీ పక్క నుంచి పోండ్రి మేడం, గాడ గాజు పెంకులున్నయ్,” అన్నాడు.

క్యాంపస్ గేటు దగ్గర పోలీసు అధికారి మమ్మల్ని ఆపాడు. మేడంకి ఎస్కార్టా అని వెటకారంగా అడిగాడు.

“నో సర్. అయామ్ అకంపనీయింగ్ మై టీచర్,” అంది స్వరూప. గొంతు పెంచలేదు, తల దించలేదు.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి దారిచ్చాడు.

ఇంట్లో మా అత్తగారు ఉప్మా చేసి పెట్టి, స్వరూపను ఈ పూటకు ఉండిపొమ్మన్నారు. రూమ్మేటుకు పొగకు ఆయాసం వస్తుందని, ఒక్కతే ఉందని, వెళ్ళాలని స్వరూప లేచింది. నేను మళ్ళీ చెప్పులేసుకున్నాను.

సగం దూరం వచ్చాక ఆమె అడిగింది. “మేడం, తెలంగాణ రావాల్నా, వద్దా? నిజం చెప్పుండ్రి.”

“విడిపోవడం నాకిష్టం లేదు స్వరూపా.”

“మాకైతే కావాలె మేడం. మీరు మాత్రం అబద్ధం చెప్పలే. గా మాట మంచిగున్నది,” అంది. ఆ తర్వాత హాస్టల్ వచ్చేదాకా రూమ్మేటు గురించి చెబుతూనే ఉంది.

ఈసారి గేటు దగ్గర జవాబు నేను చెప్పాను, నా స్టూడెంట్‌ను హాస్టల్‌కు తీసుకెళ్తున్నానని. రూమ్మేటు మెట్లు దిగి రావడం చూశాకే వెనక్కి తిరిగాను.

రాష్ట్రం వచ్చింది. స్వరూప లెక్చరర్ అయింది. రాష్ట్రం విషయంలో మేమిద్దరం ఒకరి మనసు ఒకరం మార్చలేదు. ఆ రోజు కలిసి నడవడానికి అది అడ్డూ కాలేదు. అప్పటిదాకా నేను మాటలకు అర్థాలు మాత్రమే చెప్పేదాన్ని. ఒక మాట అన్నప్పుడు అది చుట్టూ ఉన్న మనుషులను ఏమని అనుమానిస్తోందో కూడా చూసుకోవాలని ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను.