మిగిలిన నీళ్ళు

మా ఉద్దానంలో ఎవరైనా కాళ్ళు లాగుతున్నాయంటే ఎదుటివాళ్ళు కాళ్ళు చూడరు, ముఖం చూస్తారు. బుగ్గలు ఉబ్బాయా, కళ్ళ కింద నీరు దిగిందా అని చూస్తారు. బడి గడప తొక్కని ముసలివాళ్ళకు కూడా క్రియాటినిన్ అన్న మాట నోరు తిరుగుతుంది. అది ఎంత ఉండాలో, ఎంత దాటితే టెక్కలికో పలాసకో రక్తం శుద్ధి చేయించుకోవడానికి తిరగాలో అందరికీ తెలుసు. నాకు మరీ బాగా తెలుసు. మా ఇంటాయన ఆ కిడ్నీ జబ్బుతోనే పోయారు.

ఆయనకు జబ్బు బయటపడకముందే నిద్ర దూరమైంది. మంచం మీద అటూ ఇటూ దొర్లేవారు, ఒక కాలితో ఇంకో కాలు రాసుకునేవారు. "ఏటో అలగుంది" అనేవారు, అంతే. మేమూ పట్టించుకోలేదు. అందుకే ఆయన పోయిన కొన్నేళ్ళకు నాకూ నిద్ర కరువయ్యేసరికి, ఇంక నా వంతు వచ్చిందనుకున్నాను.

ఆ మాట ఎవరితోనూ అనలేదు. పరీక్షకు వెళ్తే సంగతేదో తేలిపోతుంది. తేలితే నా కొడుకు పలాసలో జీడిపప్పు మిల్లు పని వదులుకుని నా వెంట తిరగాలి. తండ్రి కోసం ఆసుపత్రి బెంచీల మీద కూర్చుని కూర్చుని వాడి వయసంతా అక్కడే కరిగింది. మళ్ళీ వాణ్ణి ఆ బెంచీ ఎక్కించడం నాకు ఇష్టం లేదు. అందుకని నిద్ర పట్టడం లేదని మాత్రం ఇంట్లో చెప్పాను. ఎందుకు పట్టడం లేదనుకుంటున్నానో చెప్పలేదు.

నిద్ర పట్టడం లేదని నోరు జారితే చాలు, ఊరంతా వైద్యులే. ముందు వచ్చింది మా తోటికోడలు. మరిది భార్య, గోడ పక్క ఇల్లు.

"అప్పా, గసగసాలు నూరి పాలల్లో మరిగించి తాగు. ఏనుగైనా తొంగుంటాది."

"గసగసాల ధర తెలుసా నీకు? ఏనుక్కి పాలెవులు కొంటారే?"

"నిద్దరకి కూడా బేరమేటప్పా!"

బేరం లేకుండా నేనేదీ చెయ్యను. అయినా తాగాను. పెద్ద గ్లాసు నిండా కాచి, అడుగున మిగిలిన గసగసాలు నీళ్ళతో కడుక్కుని అవీ తాగాను. నిద్ర రాలేదు. తరవాత పూండి నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ జాజికాయ అరగదీసి వేడి పాలలో కలుపుకోమంది. అదీ అయింది. ఎవరో జీలకర్ర కషాయమన్నారు, చెంబుడు కాచుకున్నాను. అరికాళ్ళకు ఆముదం రాసుకుంటే దుప్పటి జిడ్డయింది గానీ కన్ను మూతపడలేదు. ఆ దుప్పటికి సబ్బు దండగ.

మా కోడలు ఫోను తెచ్చి నా తలగడ పక్కన పెట్టింది.

"అత్తా, కళ్ళు మూసుకుని ఇను. సముద్రం హోరు. అలలొత్తన్నట్టే ఉంటాది."

"తోట దాటితే సముద్రమే గదే. నిజంది పన్జెయ్యనేదు, ఫోన్లోది పన్జేత్తాదా? చార్జింగు దండగ, కట్టీ."

ఒక సోమవారం తోటికోడలు నన్ను రావివలస తీసుకుపోయింది. అక్కడ ఎండల మల్లికార్జునుడికి పైన కప్పు ఉండదు, అంత పెద్ద లింగమూ ఎండలోనే ఉంటుంది. చేతులు జోడించి నిలబడితే నిద్ర అడగడానికి నోరు రాలేదు. స్వామీ, నీకు నీడ లేదు, నాకు నిద్ర లేదు, ఉన్నదానితో ఇద్దరం సర్దుకుందాం గానీ, నా కొడుకును మాత్రం మళ్ళీ ఆ బెంచీల మీద కూర్చోబెట్టకు అన్నాను.

ఇక్కడ మా ఇంటి నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. బోరు నీళ్ళ మీద మాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. తాగడానికీ వంటకూ పొద్దున్నే బండి మీద వచ్చే ప్లాంటు నీళ్ళే, డబ్బిచ్చి క్యాన్ కొంటాం. కొత్త క్యాన్ వచ్చేసరికి పాతది ఖాళీ అయి, కడిగి, బోర్లించి ఉండాలి. అది మా ఇంట్లో నేను పెట్టిన కట్టు. పగలంతా నేను జీడి తోటలో ఉంటాను. తోటలో మేము ఆడవాళ్ళం నీళ్ళు తాగం. తాగితే వెళ్ళడానికి చాటు ఉండదు. మా అమ్మ అలాగే ఉండేది, నేనూ అలాగే నేర్చుకున్నాను. మరీ ఎండగా ఉంటే నోరు తడుపుకుంటాం.

కానీ ఆయన బతికున్న రోజుల్లో ఊరికి వచ్చిన డాక్టర్లు, నీళ్ళు బాగా తాగాలని మరీ మరీ చెప్పి వెళ్ళారు. ఆ మాట నా మనసులో దిగిపోయింది. పగలు తాగనిది రాత్రి తాగాలి కదా. అందుకని భోజనాలయ్యాక క్యాన్ వంచి, మిగిలినదంతా చెంబులో పట్టి, చెంబు తరవాత చెంబు తాగేదాన్ని. కొన్న నీళ్ళు మొక్కల పాదుల్లో పొయ్యడానికి నాకు చేతులు రావు. మందూ అదే, పొదుపూ అదే అని నాకు లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

నా దొంగతనం పట్టుకుంది కోడలే. నేను రోజూ పొద్దున్నే లేవగానే చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూసుకునేదాన్ని. నీరు పట్టిన కాలయితే నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోతుంది. ఆయన కాలు అలాగే ఉండేది. ఒకరోజు వాకిట్లో కూర్చుని నొక్కుకుంటుంటే చీపురు పట్టుకుని వెనకాలే నిలబడి ఉంది.

"అత్తా, ఏటి సేత్తన్నావు?"

"దోమ కుట్టినాది."

"మావయ్యికి కూడా దోమే కుట్టీదా?"

చీర అంచు చీలమండ మీదికి లాక్కున్నాను. అది చీపురు గోడకు ఆనించి నా పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్ళు ఇలగ నొక్కుకుంటావు? పలాస ఎల్దాం పద. ఆసుపత్రిలో రక్తం ఊరకే సూత్తారు, ఆడోళ్ళకి బస్సూ ఊరకే. ఇంక నీకు సాకు నేదు."

"అబ్బాయికి సెప్పకు మరి."

"సెప్పనులే. ముందు నువ్వు సీర మార్సుకో."

వెళ్ళాం. రక్తం ఇచ్చి, కాగితం వచ్చేదాకా కూర్చున్నాం. అవే బెంచీలు. నా చెయ్యి కోడలి చేతిలో ఉందని నాకు చాలాసేపటి వరకు తెలియలేదు. పిలిచారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, మా కోడలి కంటే చిన్నదేమో. కాగితం చూసి, "కిడ్నీలు బాగున్నాయమ్మా. క్రియాటినిన్ ఉండాల్సినంతే ఉంది. షుగరూ లేదు" అంది.

"సరిగ్గా సూడమ్మా. అది నా కాయితమేనా?"

"మీదేనమ్మా. ఇంకోసారి చూసినా ఇంతే."

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను ఏడవలేదు గానీ, లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. మరి నిద్ర ఎందుకు రాదని అడిగాను. రాత్రి బాత్రూముకు లేస్తారా అందావిడ. లేస్తానన్నాను.

"తలుపు గడియ సప్పుడికి మాకూ నిద్దరుండదమ్మా" అని కోడలు అందుకుంది.

"పడుకునే ముందు ఏం తాగుతారు?"

చెప్పాను. గసగసాల పాలు, జాజికాయ పాలు, కషాయం, ఆ తరవాత క్యాన్.

రాస్తున్న చెయ్యి ఆగింది. "క్యాన్ అంటే... మొత్తమా?"

"మొత్తం ఎందుకమ్మా? మిగిలిందే."

ఆ పిల్ల నవ్వు ఆపుకోవడానికి కాగితంలోకి చూసింది. మా కోడలు మాత్రం ఆపుకోలేదు. నిద్ర కోసం నేను చేసిన వైద్యమంతా గ్లాసులతోనూ చెంబులతోనూ జరిగిందని అప్పుడు నాకూ తట్టింది. నీళ్ళు మానకండి, పగలు తాగండి, పొద్దు గుంకాక తగ్గించండి అంది డాక్టరమ్మ. అప్పటికీ లేవాల్సి వస్తుంటే మళ్ళీ రమ్మంది, సొంతంగా నిద్ర బిళ్ళలు కొనుక్కోవద్దంది. "లేచాక మళ్ళీ ఎందుకు పట్టదు? ఏం ఆలోచిస్తారు?" అని అడిగింది. కోడలు నా వైపు చూసింది. "ఇంక ఆలోసించనులే అమ్మా" అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పలాస దాటడం గుర్తుంది. తరవాత కండక్టరు గొంతు వినబడింది. "మామ్మా, మందస! దిగాల, దిగాల!"

మా ఊరు ఎప్పుడో దాటిపోయింది. పక్కనే కోడలు కళ్ళు తెరుచుకుని కూర్చుని ఉంది.

"ఊరొత్తే లేపొద్దేటే?"

"ఎన్నాళ్ళకి తొంగున్నావో అత్తా. లేపబుద్ధి కానేదు."

ఎక్కువ దూరానికి టికెట్టు డబ్బులు ఎవడిస్తాడని తిట్టబోయి, బస్సు ఊరికేనని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. దిగాక కోడలు టీ తాగుదామా అంది.

"పొద్దు గుంకతంది. డాక్టరమ్మ ఏటి సెప్పినాది?" అన్నాను.

మర్నాడే తోటలో ఒక మూల కొబ్బరి మట్టలతో తడిక కట్టించాను. మట్టలు మావే, తాడు పాతదే. ఇప్పుడు పక్క తోటల ఆడవాళ్ళూ ఆ తడిక చాటుకే వస్తారు, నీళ్ళ సీసాలు తెచ్చుకుని పగలే తాగుతున్నారు. మిగిలిన ప్లాంటు నీళ్ళతో ఏం చెయ్యాలన్న దిగులూ తీరింది. రాత్రి సద్దికుండలో అన్నం మీద పోసేస్తాను. పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని నీళ్ళతో సహా సద్దన్నం తింటాను. చుక్క పోదు.

తోటికోడలు మాత్రం ఊరుకోదు. "అప్ప గురకకి మా గోడ బీటలిచ్చినాది" అని అందరికీ చెబుతుంది. బీట మీ వైపున ఉంది, సిమెంటు నువ్వే కొనుక్కో అన్నాను.

కొన్ని రాత్రులు ఇప్పటికీ మెలకువ వస్తుంది. కాళ్ళూ లాగుతాయి. ముసలి కాళ్ళు, పగలంతా వంగి జీడిపిక్కలు ఏరిన కాళ్ళు, లాగవా మరి అనుకుంటాను. చీలమండ జోలికి పోకుండా అటు తిరిగి పడుకుంటాను.