‘పనిచేయదు’ చీటీల మాస్టారు

మా వర్క్‌షాప్ మాస్టారికి ఒకే ఒక్క జబ్బు. పాడైన వస్తువు కనబడితే దానిమీద ‘పనిచేయదు’ అని చీటీ అంటించాలి. లేకపోతే ఆయనకి అన్నం సయించదు. మాది ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ కాబట్టి రెండు పూటలా సుష్టుగా తినేవారు.

కుళాయికి చీటీ, లిఫ్టుకి చీటీ, లైబ్రరీ తాళానికి చీటీ. పై అంచుకి మాత్రమే జిగురు రాసేవారు, గాలికి రెపరెపలాడుతూ అందరికీ కనబడాలని. గోడ గడియారానికి అంటిస్తే అది సిగ్గుపడి నాలుగు నిమిషాలు నడిచింది, నా కళ్ళతో చూశాను. మీటింగులో కునుకు తీస్తున్న ప్రిన్సిపాల్ కోటుకీ అంటించారంటారు. అది మాత్రం నేను పుట్టించిందే.

రెండో ఏడాదిలో నేను ఆ కాలేజీని వదిలేశాను. పాపం, అది ఇంకా కోలుకోలేదు. కారణం లేత్ మిషను. ఇనుము చెక్కడం నేర్పాల్సిన ఆ మిషను మూడేళ్ళుగా చచ్చి పడుంది. దాని బొమ్మ గీసి, భాగాలకి పేర్లు రాస్తే ప్రాక్టికల్స్ పాసు. గేటు దగ్గర మాత్రం పాతిక అడుగుల బోర్డు, దానిమీద నవ్వుతున్న కరస్పాండెంటు, పక్కన ‘ప్రపంచస్థాయి ప్రయోగశాలలు’. ఒళ్ళు మండి క్లాసులెగ్గొట్టి, మాస్టారు పాత మోటార్లు విప్పుతుంటే పక్కన కూర్చుని నేనూ ఓ చెయ్యి వేసేవాణ్ణి. చివరికి పూర్తిగానే మానేశాను. ఇంట్లోవాళ్ళు మాత్రం నన్నే పనికిరానివాడన్నారు.

సర్టిఫికెట్ల కోసం వెళ్ళిన రోజే కాలేజీకి తనిఖీ వచ్చింది. ఒక్క చీటీ కనబడ్డా ఉద్యోగం ఊడుతుందని ప్రిన్సిపాల్ ముందురోజే మాస్టారిని బెదిరించారట. పెళ్ళాంబిడ్డలున్న మనిషి, అన్నీ పీకి దాచుకున్నారు. రెండు జేబులూ దిండ్లలా ఉబ్బాయి.

నేను వర్క్‌షాప్ కిటికీలోంచి చూస్తున్నాను. తనిఖీకొచ్చిన పెద్దాయన లేత్ స్విచ్ నొక్కారు. ఉలుకూ పలుకూ లేదు.

“కరెంటు పోయిందండీ” అన్నారు ప్రిన్సిపాల్. ఆయన నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

పెద్దాయన మాస్టారి వంక చూశారు. మాస్టారి చెయ్యి జేబులోకి పోయింది, బయటికొచ్చింది, మళ్ళీ పోయింది. చివరికి చీటీ తీసి లేత్ నుదుటిమీద అంటించేశారు.

“మూడేళ్ళయిందండీ.”

“అయితే కాలేజీ మూసేయమని రాయనా?”

అప్పుడొచ్చింది మాస్టారికి అసలు కోపం. “మూసేస్తే ఈ పిల్లలెక్కడికి పోతారండీ? సర్కారు కాలేజీలో సీటు దొరక్క వచ్చినవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో కాలేజీ గుమ్మం తొక్కింది వీళ్ళే మొదలు. ఇక్కడ చదివినవాళ్ళు వందలమంది ఇవాళ ఉద్యోగాల్లో ఉన్నారు. మూయడం కాదు, బాగుచేయించండి.”

“ఎవడు చేస్తాడయ్యా? కంపెనీవాళ్ళే చేతులెత్తేశారు” అని ప్రిన్సిపాల్ పళ్ళు నూరారు.

“చీటీ వెనక చూడండి.”

పెద్దాయన చీటీ ఎత్తి పైకి చదివారు. “కోతలరాయుడు బాగుచేయగలడు. మాట నమ్మకండి, చెయ్యి నమ్మండి.”

ఆ కోతలరాయుడు నేనే, మాస్టారు నన్ను పిలిచే పేరది. మిగతా చీటీలన్నీ తిప్పి చూస్తే, ఒక్కోదాని వెనకా దాన్ని బాగుచేయగల ఓ పిల్లవాడి పేరో, ఓ పిల్ల పేరో.

పెద్దాయన నెల గడువిచ్చి, ఆ చీటీని రిపోర్టుకి జతచేశారు. దాంతో మాస్టారి ఉద్యోగం జోలికెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లేత్ బాగుచేయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఊళ్ళో మూడని చెప్పుకుంటాను.

ఇప్పుడు నాకు సొంత రిపేరు షాపుంది. మాస్టారు ఆదివారాలు వస్తారు. అన్నీ తిరుగుతూ కనిపిస్తే మొహం వేలాడేస్తారు. చూడలేక ఓ టేబుల్ ఫ్యాను బాగుచేయకుండా వదిలేశాను. దానికి చీటీ అంటించాక గానీ ఆయన టీ ముట్టరు.

మొన్న ఆయన వెళ్ళాక ఆ చీటీ తిప్పి చూశాను.

“కోతలరాయుడు బాగుచేయగలడు. కావాలనే చేయడం లేదు.”