తూకం మీద కొసరు

పోయిన ఆదివారం మధ్యాహ్నం పుట్టింటికి వెళ్ళేసరికి, దుకాణం పైనున్న మేడగదిలో మా చెల్లె కూతురు కాలేజీ స్నేహితులను చుట్టూ కూర్చోబెట్టుకుని రాక్షసులను లెక్కపెడుతోంది. అదొక కథ చెప్పే ఆట. ఒకరు కథ నడిపిస్తుంటే మిగిలినవాళ్ళు తలా ఒక వీరుడి వేషం కట్టి, పాచికలు వేసుకుంటూ గుహల్లోకీ కోటల్లోకీ వెళ్ళి పోట్లాడతారు. నడిపేవాళ్ళకుండే పెద్ద తలనొప్పి, వీరుల ఎదుట ఎంతమంది భూతాలను నిలబెట్టాలన్నది. తక్కువైతే అందరికీ ఆవలింతలు, ఎక్కువైతే వీరులంతా హరీమంటారు. ఇప్పుడా తలనొప్పి కూడా ఫోనే చూసుకుంటుందట. "ఏక్‌దమ్ బరాబర్ ఉన్నది పెద్దమ్మా" అని పిల్ల తెర మీది పచ్చగీత చూపించి మురిసిపోతుంటే, నాకు అదే గదిలో వేలాడిన ఇత్తడి తక్కెడ గుర్తొచ్చి నవ్వూ వచ్చింది, కళ్ళూ చెమర్చాయి.

ఈ ఆట మన కాలంలో ఎక్కడిదని మీరనుకోవచ్చు. నాగపూర్‌లో ఇంజనీరింగు చదువుతున్న మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్న, హాస్టల్లో ఎవరి దగ్గరో పుస్తకం సంపాదించి, సగం పేజీలు నల్లగా వచ్చిన జిరాక్సు కట్టను వేసవి సెలవులకు మోసుకొచ్చాడు. మహారాష్ట్రలోని మా చంద్రపూర్ ఎండల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. పొద్దెక్కాక గడప దాటే వీలుండదు కనుక, గరగరమనే కూలరు ముందు చాప పరుచుకుని కూర్చుంటే, అన్న మమ్మల్ని లోకాలు తిప్పుకొచ్చేవాడు. ఇరవై ముఖాల పాచిక మన ఊళ్ళో దొరకదు కాబట్టి, తంబోలా బిళ్ళలు ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి స్టీలు గ్లాసులో వేసి తీసేవాళ్ళం. పుస్తకంలోని మంచుకొండలు మాకు తలకెక్కకపోయేసరికి, బల్లిమనుషులు కోర్పనా సున్నపురాతి క్వారీల్లోకి, అగ్నిరాక్షసుడు పద్మాపూర్ బొగ్గు గని అడుక్కి కాపురం మార్చారు.

నేను విలుకత్తెను, చెల్లె మంత్రగత్తె, గొడ్డలి వీరుడు మా మేనత్త కొడుకు, మా బావ. ఆ ఏడే ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మామయ్య పోతే, కాలనీ క్వార్టరు ఖాళీ చేసి అత్తా బావా మా ఇంటికి వచ్చేశారు. అప్పటికి బావ మాట్లాడటం మానేసి నెలలు గడిచాయి. పెడితే తినేవాడు, పిలిస్తే చూసేవాడు, అంతే. డాక్టరుకూ చూపించారు, మొక్కులూ మొక్కారు. ఇంట్లో ఎవరికీ ఏమీ పాలుపోలేదు. ఊరికే కూర్చోబెడదామని అన్న అతని చేతికి గొడ్డలి వీరుడి వేషం ఇచ్చాడు. రెండు మూడు ఆటలకు వేలు పెట్టి చూపించి ఊరుకున్న మనిషి, ఒకనాడు బల్లిమనుషులు చెల్లె మీదికి రాగానే, "పక్కకు జరుగు" అని గట్టిగా కేకేశాడు. మేం ఆట మరిచిపోయి అతని ముఖం చూస్తూ ఉండిపోయాం.

ఆనాటి నుంచి అత్త మధ్యాహ్నం పనులన్నీ మేడమెట్ల మీదికి మార్చుకుంది. బియ్యం ఏరుతున్నట్టు చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది గానీ, చెవులు మాత్రం మా గదిలోనే ఉండేవి. కొడుకు గొంతు ఆవిడకు ఇంకెక్కడా వినిపించేది కాదు మరి.

అన్నకు మాత్రం ఆ పోట్లాటలు కుదిరేవి కావు. ఒకరోజు పులులు కూడా మమ్మల్ని చూసి పిల్లుల్లా పారిపోయేవి, ఇంకోరోజు నాలుగు బల్లులకే ముగ్గురం మూలిగేవాళ్ళం. తూకం తెలిసిన కిరాణా ఇంట్లో పుట్టినవాడు కదా, చివరికి గోదాములో మూలపడ్డ ఇత్తడి తక్కెడ దింపుకొచ్చి దూలానికి వేలాడదీశాడు. మా ప్రాణానికిన్ని, దెబ్బకిన్ని అని చింతగింజలు ఒక పళ్ళెంలో, రాక్షసుల గింజలు రెండో పళ్ళెంలో పోసి, ముల్లు నడిమధ్యన నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవాడు. పద్మాపూర్ గనిలో అగ్నిరాక్షసుడితో పోరాటం అలా అణువంత తేడా లేకుండా తూచినదే. ముల్లు కదల్లేదు. గొప్ప న్యాయం జరిగిందనుకున్నాం.

ఆట మొదలైన కాసేపటికే రాక్షసుడి దెబ్బకు గొడ్డలి వీరుడు చచ్చిపోయాడు. సమానమైన తూకమంటే గెలవడానికి ఎంత వీలుందో చావడానికీ అంతే వీలుందని, పైగా ఎదుటి పళ్ళెంలోని బరువంతా ఒక్కడి చేతిలోనే ఉందని తక్కెడకేం తెలుసు? బావ గ్లాసు పక్కన పెట్టి, లేచి, మెట్ల మీద వాళ్ళమ్మను దాటుకుని కిందికి వెళ్ళిపోయాడు. మళ్ళీ మౌనం. అత్త చాట పట్టుకుని మెట్ల మీదికి వచ్చేది, గదిలో ఏ చప్పుడూ లేకపోయేసరికి లేచి వెళ్ళిపోయేది. అది చూడలేక అన్నకు అన్నం సయించలేదు. చచ్చినవాళ్ళను లేపే మంత్రం పుస్తకంలో ఉందని, వీరుణ్ణి బతికిస్తానని బతిమాలాడు. "సచ్చినోల్లు మల్ల రారు" అన్నాడు బావ, అంతటితో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాయనమ్మ తన తక్కెడ కనబడక ఇల్లంతా తిట్టుకుంటూ మేడ ఎక్కింది అప్పుడే. దూలానికి వేలాడుతున్న దాన్నీ, అందులోని గింజల్నీ చూసి, ఏం అమ్ముతున్నావురా అని నిలదీసింది. అన్న ఏడుపు గొంతుతో ఇటు మనం, అటు రాక్షసుడు, తూకంలో మోసం లేదని చెప్పుకొచ్చాడు. రాక్షసుడి సంగతి ఆవిడకు ఎంత అర్థమైందో గానీ, తూకం సంగతి మాత్రం బాగానే అర్థమైంది.

"తూకం బరాబరుంటె అయిపాయెనా? కొసరేదిరా?" అంది. "మీదికెల్లి పిడికెడు ఎయ్యకుంటె గిరాకి మల్ల మన గడప తొక్కుతడా?"

మీకు తెలియనిది కాదు. పప్పు తూచాక ముల్లు నిలిచిందని కొనేవాడు కళ్ళారా చూశాక, కొట్టువాడు తన చేత్తో పిడికెడు సంచిలో వేసేవాడే, అది కొసరు. దాన్ని తక్కెడలో వెయ్యరు. వేస్తే తూకంలో కలిసిపోతుంది, ఇచ్చినట్టే ఉండదు. అలాగని అసలు కన్నా కొసరు ఎక్కువైతే దుకాణం మునుగుతుంది. అన్న ఆ పూటంతా తక్కెడ ముందే కూర్చున్నాడు.

మర్నాడు బావను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. చచ్చినవాడు చచ్చినట్టే ఉన్నాడు, ఇప్పుడు వచ్చింది వాడి తమ్ముడన్నాడు. అదే గని, అదే రాక్షసుడు, మా ఎదుటే తూచాడు, ముల్లు మధ్యన నిలిచింది. అప్పుడు చేతులు దులుపుకుని, గని అడుగున ఆ చచ్చిన వీరుడి గొడ్డలి ఇంకా పడి ఉంది, అది తోడబుట్టినవాడి చేతికి తప్ప లేవదు, పట్టుకున్నవాడిదే మొదటి దెబ్బ, అని చెప్పి ఊరుకున్నాడు.

"ఆగుర్రి" అన్నాడు బావ. "గా గొడ్డలి మా అన్నది. ముందల నేనే పోత."

పోరాటం తేలిగ్గా ఏమీ సాగలేదు. నా విలుకత్తె నేలకూలింది, చెల్లె మంత్రాలు నిండుకున్నాయి, ఆఖరి బిళ్ళ బావే తీశాడు. దాన్ని చూసి అతను వేసిన కేకకు అత్త ఒళ్ళోని చాట జారి బియ్యమంతా మెట్ల మీద దొర్లింది. ఆవిడ మొదటిసారి గదిలోకి వచ్చి, ఎంతో గంభీరంగా, "సచ్చిండా వాడు?" అని అడిగింది. "సచ్చిండమ్మా" అన్నాడు బావ. ఎన్నో నెలల తర్వాత అమ్మా అని పిలిచాడు. నాయనమ్మ కిందినుంచి బెల్లం ముక్కలు పంపించింది.

నాయనమ్మా, అత్తా వెళ్ళిపోయి చాలా కాలమైంది. అన్న పుణెలో స్థిరపడ్డాడు. బావ మా చెల్లెను చేసుకుని, ఆ దుకాణాన్నే నడుపుతున్నాడు. దుకాణమంటే ఇప్పుడన్నీ అంటించిన ప్యాకెట్లే. లోపల ఎంతుందో పైన అచ్చేసే ఉంటుంది, ఎవరికీ అన్యాయం జరగదు, నిజమే. కానీ అంటించిన ప్యాకెట్లో పిడికెడు ఎక్కడ వేస్తాం?

ఆ ఆదివారం బావ పిల్లలకు చాయ్ పట్టుకొచ్చి, కూతురి ఫోన్లోని పచ్చగీతను కాసేపు చూశాడు. "బరాబరే ఉన్నది. మరి కొసరేది బిడ్డా?" అన్నాడు. "కొసర్ మ్హంజే కాయ్, బాబా?" అంది పిల్ల. కొసరంటే ఏమిటని మరాఠీలో అడిగింది. దుకాణదారు కూతురే అయినా, పాపం, అది కొసరు ఎప్పుడు చూసింది గనుక! ఇప్పటికీ నాలుగు మాటలకు మించి మాట్లాడని మా బావ, తల గోక్కుని, కుర్చీ లాక్కుని ఆ పిల్లల మధ్య కూర్చున్నాడు. "ఒక గని ఉండె" అని మొదలుపెట్టాడు.

నేను చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చి, అత్త కూర్చునే మెట్టు మీద కూర్చుని విన్నాను.