ఉజ్మా నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

ఆదోనిలో దానం చేసేవాళ్లకు కొదవ లేదు. పత్తికి మంచి ధర పలికిన ఏడు మరీ ఎక్కువ. పిల్లల పుట్టినరోజు వస్తే అనాథాశ్రమానికి భోజనాలు మోసుకొస్తారు. ముందు బ్యానరు కడతారు, ఆ తర్వాతే అన్నం దించుతారు. దాని మీద ‘దిక్కులేని పిల్లలకు అన్నదానం’ అని పెద్ద అక్షరాలు. ఆ పిల్లలకు చదవడం వచ్చునని ఎవరికీ తోచదు.

ఆ ఆశ్రమంలో వంట చేసేది మహమూదా బీ. పుట్టింది కౌతాళంలో. జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము మింగి దగ్గు తెచ్చుకుంది. మిల్లువాళ్లు పొమ్మంటే ఈ పొయ్యి దగ్గరికొచ్చింది. మొగుడు లేడు, బిడ్డలు లేరు. నోరు మాత్రం ఉంది. మిల్లు పని పోయింది దగ్గు వల్ల కాదు, ఆ నోటి వల్లేనని అనేవాళ్లూ ఉన్నారు.

రంజాన్ నెల. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన చిన్నపిల్ల ఉజ్మా ఆ రోజు మొదటిసారి రోజా ఉపవాసం పట్టింది. ఇల్లూ వాకిలీ ఉన్న పిల్లకైతే మొదటి రోజాకు కొత్త బట్టలు, పూలదండ, ఇంటినిండా చుట్టాలు. ఉజ్మాకు ఆ చుట్టాలంతా తానే అయింది మహమూదా బీ. పొద్దున్నే మల్లెదండ తెచ్చి తడిగుడ్డలో చుట్టిపెట్టింది.

"పొద్దుమునిగే దాకా ఓర్చుకో బేటా. ఈ పొద్దు నువ్వే పెండ్లికూతురివి."

మిట్టమధ్యాహ్నం పత్తి వ్యాపారి శేషగిరి కారు దిగినాడు. కూతురు తేజస్వి పుట్టినరోజు. వెనకాలే పులిహోర, లడ్లు, కేకు, ఫొటోలు తీసేవాడు.

"బిడ్డకు ఇచ్చే గుణం నేర్పించాల గదప్పా," అన్నాడు ఆశ్రమం మేనేజరు గిడ్డయ్యతో. వరసలో కూర్చున్న పిల్లల్ని ఒకసారి చూసి, "ఆ బక్కపిల్లను పిలువు. ఫొటోలో బాగుంటాది," అన్నాడు.

ఆ బక్కపిల్ల ఉజ్మా. తేజస్వి కేకు ముక్క నోటి దగ్గర పెడితే పెదాలు బిగించుకుంది.

"నోరు తెరువు పాపా, ఇంగా పెద్దగా!" అన్నాడు ఫొటోలవాడు.

"తెరువే!" గిడ్డయ్య వెనక నుంచి భుజం గిల్లినాడు. ఉజ్మా కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. పెదాలు విడిపోతాండగా మధ్యలోకి ఒక చెయ్యి వచ్చింది. కేకు ఆ అరచేతికి అంటుకుంది.

"బిడ్డ రోజా ఉంది సావుకారీ," అంది మహమూదా బీ.

"ఇంత పిల్లకు రోజా ఏందమ్మా? ఒక్క ముక్కే గదా. మా చేతిది తినగూడదా?"

"నీ చేతిదే తింటాది. పొద్దుమునిగినాక రా. అంతలోకి లడ్లేమీ పాసిపోవు."

తేజస్వి ఉజ్మానే చూస్తాంది. "నీళ్లు గూడ తాగలేదా?" అని అడిగింది. ఉజ్మా తల అడ్డంగా ఊపింది.

"నాయినా, అవ్వ ఏకాదశికి ఇట్లే ఉంటాది గదా. ఆయమ్మ నోట్లో కేకు పెడతావా నువ్వు?"

ఫొటోలవాడు కిసుక్కుమన్నాడు. శేషగిరి మొహం నల్లబడింది. "వంటమనిషితో మాట పడేదానికా గిడ్డయ్యా, నేనింత తెచ్చింది?" అని కూతురి రెక్క పట్టుకుని పోయినాడు.

"రేపట్నుంచి నువ్వు రావద్దు," అన్నాడు గిడ్డయ్య.

"రేపటి సంగతి రేపు. ఈ పొద్దు ఈ పొయ్యి నాది, ఈ బిడ్డ నాది. జరుగు," అని ఆమె గంజి కుండ ఎత్తుకుంది.

పొద్దు వాలింది. ఉజ్మా మెడలో దండ వేసి, ఖర్జూరాలు పంచుతాండగా అదే కారు వచ్చింది. ఇంట్లో తేజస్వి ఎంత ఏడ్చిందో, తండ్రి కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. తేజస్వి ఉజ్మా పక్కన చోటు చేసుకుని కూర్చుంది. శేషగిరి జేబులోంచి ఫోను తీసినాడు.

"సావుకారీ, కూర్చుంటావంటే చోటుంది. ఫోను తీస్తానంటే వాకిలి ఆ పక్క," అంది మహమూదా బీ.

ఆయన కాసేపు ఫోనునూ వరసనూ మార్చి మార్చి చూసినాడు. ఫోను జేబులో పెట్టినాడు గానీ కూర్చోలేదు. గడప బయటే నిలబడినాడు.

మసీదు నుంచి బాంగు వినిపించింది. తేజస్వి ఖర్జూరం అందించింది. ఈసారి ఉజ్మా తానే నోరు తెరిచింది.

గిడ్డయ్య రేపటి మాట ఎత్తలేదు. ఎత్తినా, వంటగది తాళంచెవి మహమూదా బీ కొంగుకే ఉంది.