అల్లుడు ఎంచిన ఫ్రేమ్‌వర్క్

మా చిన్నాయనకు మార్కాపురం శివార్లలో పలకరాయి యార్డు ఉంది. నేల మీద పరిచే రాళ్లు కోయించి అమ్ముతాడు. ఒకసారి బెంగళూరు బిల్డరు ఫోన్ చేసి, "మీ వెబ్‌సైట్ లింక్ పంపండి, సోమవారం ఓనరుకు చూపించి ఆర్డరు ఖాయం చేస్తాను" అన్నాడు. చిన్నాయనకు వెబ్‌సైట్ లేదు. ఆ ఆర్డరు వస్తే వానాకాలమంతా కోత మిషన్లు తిరుగుతాయి. రాకపోతే కొనకనమిట్ల వైపు నుంచి వచ్చే కూలీలను రావద్దనాలి.

నేను కంప్యూటర్ సైన్స్ చదివినవాణ్ణి. అడగాల్సినవి మూడే అడిగాను: ఎవరు చూస్తారు, దేంట్లో చూస్తారు, ఎన్నాళ్లకోసారి మారుస్తాం. బిల్డరు చూస్తాడు, ఫోన్‌లో చూస్తాడు, మారేది రాళ్ల ఫొటోలే, అదీ ఎప్పుడో. దీనికి ఫ్రేమ్‌వర్కే, అంటే పెద్ద సైట్లు కట్టడానికి వాడే రెడీమేడ్ కోడ్ చట్రమే, అక్కర్లేదు. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు నాలుగు చాలు.

అంతలో బావ దిగాడు. చిన్నాయన కూతురి మొగుడు. హైదరాబాద్‌లో ఏదో కోర్సు చేసి, అక్కడి మాటలన్నీ మోసుకుని, వాటి అర్థాలు మాత్రం అక్కడే వదిలేసి వచ్చినవాడు.

"హెచ్‌టీఎంఎల్లా? ఇంకా అక్కడే ఉన్నావా బామ్మర్దీ?" అన్నాడు, కోడిముక్క కొరుకుతూ. "రేపు లక్షమంది వస్తే తట్టుకోవద్దా?"

"పలకరాళ్లకు లక్షమంది ఎందుకొస్తారు బావా?"

"అట్ల ఆలోచిస్తావు కాబట్టే నువ్వింకా ఈడున్నావు."

చిన్నాయన గట్టిగా నవ్వాడు. మా వైపు ఇంటల్లుడి మాటకు అడ్డు చెప్పరు. కూర చప్పగా ఉందంటే ఉప్పు వేస్తారు, ఉప్పగా ఉందంటే వండిన మనిషిని తిడతారు. ఫ్రేమ్‌వర్క్ ఎంపిక కూడా ఆ లెక్కనే జరిగిపోయింది.

ఆ ఫ్రేమ్‌వర్క్‌తో బావ కట్టిన సైట్‌లో లింక్ నొక్కితే ముందు వచ్చేది ఖాళీ పేజీ. తర్వాత ఫోన్ ఒక పెద్ద ప్రోగ్రామును దించుకుని, నడిపించి, అప్పుడు పేజీ తయారు చేసుకోవాలి. నాలుగు ఫొటోలకూ ఒక ఫోన్ నంబరుకూ ఇంత తతంగం. పైగా గిరగిరా తిరిగే రాయి బొమ్మ. ఆదివారం సర్వర్‌కు ఎక్కించి, తన లాప్‌టాప్‌లో తెరిచి చూపించాడు. అందులో అన్నీ ముందే దిగి ఉన్నాయి కాబట్టి టక్కున వచ్చింది. పిన్నమ్మ లాప్‌టాప్‌కు బొట్టు పెట్టింది.

నేను చిన్నాయన ఫోన్‌లో తెరిచాను. తెల్లగా ఉండిపోయింది.

"మీ ఊరి సిగ్నలే అంత" అన్నాడు బావ.

"బిల్డరు కూడా కడుతున్న బిల్డింగు గోడల మధ్యనే నిలబడి చూస్తాడు బావా. ఆడ సిగ్నల్ నువ్వు పంపిస్తావా?"

వినిపించుకోలేదు. ఆ సాయంత్రమే నేను నాలుగు పేజీలు రాసి, నెట్‌లో ఉచితంగా చోటిచ్చే దగ్గర పెట్టాను. చిన్నాయనను మిషన్ల షెడ్డు వెనక్కి పిలిచి, అదే ఫోన్‌లో తెరిచాను. రాళ్లు వెంటనే కనపడ్డాయి. రెండు వేళ్లతో పెద్దవి చేసి చూసుకున్నాడు.

"బాగనే ఉందిరా."

"మరి ఈ లింకే పంపు."

"అల్లుడు నొచ్చుకుంటాడు. ఆ కోపం పిల్ల మీద చూపిస్తే?"

చివరికి చిన్నాయన బిల్డరుకు బావ సైట్ లింకే పంపాడు.

సోమవారం మధ్యాహ్నం బిల్డరు ఫోన్ చేశాడు. "ఏమీ కనపడలేదు సార్, అంతా తెలుపే. పక్క యార్డాయన వాట్సాప్‌లో ఫొటోలు పంపినాడు, ఓనరుకు అవే నచ్చినాయి." నా లింక్ చిన్నాయన ఫోన్‌లోనే ఉంది. ఎదురుగా బావ టీ తాగుతున్నాడు. చిన్నాయన "సరే సార్" అని పెట్టేశాడు.

"ఏమన్నాడు మామా?"

"ఏం లేదు నాయనా. సిగ్నల్ లేదంట."

"నేను చెప్పలే? పోనీలే, ఇంకో కొత్త ఫ్రేమ్‌వర్క్ వచ్చింది. దాంట్లో కడదాం."

"అట్లనే కానీ" అని చిన్నాయన లేచి, రేపటి నుంచి రావద్దని కూలీలకు చెప్పడానికి బయటికి పోయాడు. పిన్నమ్మ అల్లుడికి ఇంకో టీ తెచ్చింది.