క్లబ్‌హౌస్‌లో ఉచిత ట్యూషన్, మొదటి రోజు

నానక్‌రామ్‌గూడలోని మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఈ రోజు పనివాళ్ల పిల్లలకు బడి తర్వాత ఉచిత ట్యూషన్ మొదలైంది. మా ఇంట్లో వంట చేసే యాదమ్మ, ఐదో తరగతి చదివే కూతురు శ్రావణిని తీసుకొచ్చింది. నేనూ వెంట వెళ్లాను. బ్యానర్ ఉంది, కెమెరా ఉంది, పాఠం చెప్పేవాళ్లు మాత్రం కనిపించలేదు.

"ముందు గ్రూప్ ఫొటో తీసుకుందామండి," అన్నారు నిర్వాహకురాలు.

యాదమ్మ కూతురి చెయ్యి వదల్లేదు. "ఫొటో నెల అయినంక తీస్కోండ్రి మేడం. ఇయ్యాల పిల్లకు లెక్కలు చెప్పుండ్రి. రేపు గూడ చెప్తరా?"

ఆవిడ కాసేపు ఫోన్ చూసుకున్నారు. తర్వాత కుర్చీ లాక్కుని తానే భిన్నాలు చెప్పడం మొదలుపెట్టారు. వచ్చేటప్పుడు శ్రావణి ఇంకో లెక్క అడిగి రాయించుకుంది.

నాకింకా నమ్మకం కుదరలేదు. మీ దగ్గర ఇలాంటివి రెండో నెల దాకా నడిచి ఉంటే చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటుంది.