నాయన అతికించిన ఈకలు

మా ఇంట్లోకి విల్లు వచ్చింది నా కోసం కాదు, మా పాప కోసం. స్నేహితురాలు నేర్చుకుంటోందని తనూ పట్టుబట్టి కొనిపించుకుని, నెల తిరక్కుండానే వేళ్లు నొప్పి అంటూ బ్యాడ్మింటన్‌కు మారిపోయింది. విల్లు బీరువా పక్కన నిలబడి నన్నే చూస్తా ఉండేది. ఊరికే పడుండటం ఎందుకని ఒక ఆదివారం నేనే ఎత్తుకుని గ్రౌండుకు పోయినాను. నలభై దాటినదాన్ని. టికెట్ కౌంటర్లో కూర్చుని కూర్చుని వీపు వంగినదాన్ని. ట్రాక్ ప్యాంటు వేసుకుని బాణాలెయ్యడానికి వచ్చినానని వాకింగ్ చేసేవాళ్లు నిలబడి మరీ చూసినారు. మొదటి బాణం టార్గెట్‌కు తగిలిన చప్పుడు విన్నాక, చూస్తే చూసుకోనీలే అనిపించింది.

గుంతకల్లులో బాణాలెయ్యను గ్రౌండు ఉంది, కావలసినదానికంటే ఎక్కువ గాలి ఉంది, ఓపికగా నేర్పించే కోచ్ ఉన్నాడు. లేనిదల్లా బాణాలు బాగు చేసే మనిషి. బాణం వెనక మూడు ప్లాస్టిక్ ఈకలు ఉంటాయి. బాణాన్ని తిన్నగా నడిపించేది అవే. గురి తప్పి బాణం నేలలో దూరినా, దిగి ఉన్న బాణానికి ఇంకోటి రాసుకున్నా ఒక ఈక ఊడి చేతికొస్తుంది. నా బాణాలకు ఈ రెండూ రోజూ జరిగేవే. బాగు చేయించాలంటే బెంగుళూరుకు పంపాలి. అవి తిరిగొచ్చేలోపల నేను నేర్చుకున్నది మర్చిపోతాను.

"అక్కా, ఇంట్లోనే అతికించుకో. జిగ్గు ఒకటి కొనుక్కో చాలు" అన్నాడు కోచ్.

ఆ మాట ఇంట్లో చెప్పడమే ఆలస్యం, మా నాయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. నాయన రైలింజను డ్రైవరుగా చేసి రిటైరైనాడు. నా దగ్గరే ఉంటాడు. బండి దిగినప్పటినుంచీ ఆయనకు పొద్దుపోదు. ఇంట్లో ఏది వదులైనా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆయన బిగించినాక ఎప్పుడూ ఒక స్క్రూ మిగిలిపోతుంది.

"జిగ్గా? జిగురు అనల్లమ్మా" అన్నాడు.

"జిగురు వేరే నాయనా. జిగురు పెట్టినాక ఈకను కదలకుండా పట్టుకునేది జిగ్గు."

"దానికొక మిషనా? అంత పొడుగు గూడ్సు బండినే పట్టినోన్ని, ఈకను పట్టలేనా?"

మూడు ఈకలూ సమానమైన ఎడంలో ఉండాలనీ, ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగినా బాణం తోక ఊపుతుందనీ కోచ్ చెప్పినదంతా వినిపించినాను. నాయన ఒప్పుకోలేదు గానీ కళ్లద్దాలు పెట్టుకుని నా ఫోన్ లాక్కున్నాడు.

ఫోన్‌లో చూస్తే జిగ్గులు రెండు రకాలు కనిపించినాయి. ఒకటి బరువైన ఇనుపది, ఒక్కసారికి ఒక్క ఈకనే పడుతుంది. ఇంకోటి ప్లాస్టిక్‌ది. దానికి మూడు రెక్కలు, మూడు ఈకలూ ఒకేసారి అతికిపోతాయి. కోచ్‌ను ఒక మాట అడుగుదామని నేనంటే నాయన వినలేదు.

"ఒక్కొక్కటే అతికించుకుంటా కూర్చుంటే వానాకాలం వచ్చేస్తాది."

"వస్తే మంచిదే కదా నాయనా!"

"వచ్చేదుంటే కదమ్మా" అని ప్లాస్టిక్‌ది ఆర్డర్ పెట్టేసినాడు.

అది వచ్చిన రోజు నాకు డ్యూటీ లేదు. నాయన చాప పరిచి, దాని మీద పాత పేపరు పరిచి, మూడు రెక్కల్లోనూ ఈకలు దోపి, వాటికి జిగురు పూసినాడు. పూసినాడు అనడం కన్నా పోసినాడు అనాలి. రెక్కలు మూసి గట్టిగా ఒత్తి పట్టుకున్నాడు. కాసేపటికి తెరవబోతే తెరుచుకోలేదు. జిగురు పొంగి ఈకల్నీ, బాణాన్నీ, జిగ్గునీ, నాయన బొటనవేలునీ ఒకటి చేసేసింది.

"లాగొద్దు, చర్మం వస్తాది" అంటున్నాడు ఆయన. నాకేమో నవ్వు ఆగడంలేదు. సరిగ్గా అప్పుడే తలుపు కొట్టినారు. గ్యాస్ సిలిండరు. నేను వంటింట్లోకి దారి చేసేలోపల నాయనే పోయి ఎడమచేత్తో తలుపు తీసినాడు. కుడిచేతిలో బాణం, బాణానికి ఆ మూడు రెక్కల యంత్రం.

సిలిండరు అబ్బాయి ఒక అడుగు వెనక్కేసి, "ఏం పెద్దాయనా, యుద్ధానికి పోతాండావా?" అన్నాడు.

"ముందు సిలిండరు లోపల పెట్టప్పా. యుద్ధం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు నాయన, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

పాప గోళ్లరంగు తుడుచుకునే మందుతో ఆ వేలు విడిపించేసరికి సీసా అడుగంటింది. సాయంత్రం స్కూలునుంచి వచ్చిన పాప, తాత బాణం దెబ్బ తిన్నాడని వీధంతా చెప్పుకొచ్చింది.

ఆ వారం కోచ్ తన దగ్గరున్న ఇనుప జిగ్గు మా ఇంటికి తెచ్చి చూపించినాడు. బాణాన్ని దాంట్లో నిలబెట్టాలి. ఈకను కరిచిపట్టిన క్లిప్పును దగ్గరికి తెస్తే అయస్కాంతం టక్కుమని లాక్కుంటుంది. ఈక అతికినాక క్లిప్పు తీసి, కింద ఉండే గుబ్బ తిప్పితే బాణం తిరిగి రెండో ఈకకు చోటిస్తుంది. నాయన ఆ గుబ్బను తిప్పి చూసినాడు. మళ్లీ తిప్పినాడు. మూడోసారి తిప్పేటప్పటికే ఆయన దానికి లొంగిపోయినాడని నాకు అర్థమైంది. గుబ్బ తిరిగేటప్పుడు వచ్చే ఆ టకటక, రైలింజన్లో వేగం పెంచే పిడి చప్పుడేనంట!

అట్లాంటిదే కొన్నాము. కొన్నది నా కోసమే గానీ నాకు దాని దగ్గర చోటు దొరకలేదు.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. జిగురు సీసా మీద క్షణాల్లో ఆరుతుందని రాసినారు. మా ఎండాకాలంలో అది ఎంతకీ ఆరదు. బట్టలు, బావులు, గొంతులు అన్నీ ఆరిపోయే ఊర్లో ఇదొక్కటే ఆరనంటుంది. కోచ్‌ను అడిగితే, ఆ జిగురు గట్టిపడాలంటే గాలిలో కొంచెం తేమ ఉండాలన్నాడు. ఆరోజు నాయన వేలు పట్టుకునింది చెమట తడికేనంట.

"తేమంట! ఇది చేసినోళ్లు మన జిల్లా మొగం చూసినట్లు లేదు" అని నాయన పడిపడి నవ్వినాడు. నవ్వడం అయినాక జిగ్గు ఎత్తుకుని వంటింట్లోకి వచ్చి, సంగటి ఉడుకుతున్న పొయ్యికి కొంచెం ఎడంగా గట్టు మీద పెట్టుకున్నాడు. ఆవిరి తగిలితే పని సాగుతుందని ఆయన లెక్క. నిజంగానే సాగింది. ఇంక రోజూ అదే తంతు. నేను సంగటి కెలుకుతుంటే పక్కనుంచి, "మూత తియ్యమ్మా, రెండో ఈక పెడతాండా" అని కేక. ఈకల అవసరాన్ని బట్టి మా ఇంట్లో కొన్నాళ్లు రెండుపూటలా సంగటే వండినాము. పాప అలిగి పక్కింట్లో దోసెలు తినొచ్చింది.

మూడు ఈకల్లో ఒకటి వేరే రంగులో ఉండాలి. నారికి తగిలించేటప్పుడు ఆ ఈక వింటికి దూరంగా, బయటివైపుకు ఉండాలన్న గుర్తు కోసం. నేను పసుపు, తెలుపు తెప్పిద్దామనుకున్నాను. నాయన ఎరుపు, పచ్చ తప్ప ఇంకోటి కుదరదన్నాడు. రెండు పచ్చ, ఒకటి ఎరుపు. జీవితమంతా ఆ రెండు రంగులనే నమ్ముకున్న మనిషితో ఏం వాదిస్తాను?

బాణాలన్నీ తయారైన ఆదివారం నాయన కూడా గ్రౌండుకు వచ్చినాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కోచ్ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మొదటి బాణం వదిలినాను. అది గాలిలో చేపపిల్ల మాదిరి కొట్టుకుంటా పోయి టార్గెట్ అంచుకు తగిలింది. దారిలో ఒక పచ్చ ఈక మెల్లగా తిరుగుతూ నేల మీద వాలింది. రెండో బాణానికి రెండు ఈకలు పోయినాయి. మూడోది బోడిగా పోయి గడ్డిలో పడింది.

"జిగురులో కల్తీ ఉండాది" అన్నాడు నాయన వెంటనే.

కోచ్ రాలిపడిన ఈకను ఏరుకొచ్చి, వేళ్లతో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పెద్దాయనా, ఇవి అతికించేటప్పుడు ఏం తింటాంటివి?"

నాయన ఆకాశం వైపు చూసినాడు. జవాబు నేనే చెప్పినాను. "ఉగ్గాని, బజ్జీ."

చేతుల నూనె బాణాలకు అంటితే ఏ జిగురూ పట్టదంట. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తర్వాత బాణాన్ని స్పిరిట్‌తో తుడవాలి, తుడిచినచోట మళ్లీ వేలు పెట్టకూడదు. కోచ్ చెప్తుంటే నాయన తల వంచుకుని విన్నాడు. ఇంటికొచ్చి అన్ని ఈకలూ గీకేసి మొదటినుంచీ మొదలుపెట్టినాడు. ఈసారి నన్ను కూడా కూర్చోనిచ్చినాడు. నేను తుడిచి ఇవ్వడం, ఆయన అతికించడం. బజ్జీలు పని అయినాకే.

అవి ఊడలేదు. వారాలు గడిచినా, గాలి గట్టిగా కొట్టినా తిన్నగా పోయినాయి. ఒకరోజు వరసగా కొన్ని మధ్య వలయంలోనే దిగినాయి. నాయన కుర్చీలోనుంచి లేచి, చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేట్టు, "ఆ ఈకలు నేనతికించినవే!" అన్నాడు. తర్వాతి బాణం టార్గెట్ దాటిపోతే, "అది మాత్రం ఆమె చెయ్యి" అన్నాడు.

అందరూ నవ్వినారు. నాకు ఒళ్లు మండి విల్లు తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టినాను. "నువ్వే వెయ్యి నాయనా, చూద్దాం."

వద్దంటాడనుకున్నాను. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి నిలబడినాడు. కోచ్ పరిగెత్తుకొచ్చి, నేర్చుకునేవాళ్ల కోసం ఉంచిన తేలిక విల్లు ఇచ్చి, ఆయన్ను టార్గెట్‌కు బాగా దగ్గరగా నిలబెట్టి, మోచెయ్యి సరిచేసినాడు. నాయన నారిని గడ్డం దాకా లాగినాడు. దవడ బిగుసుకుంది. వదిలినాడు. బాణం టార్గెట్‌కు ముందే నేలకు తగిలి, దుమ్ము లేపుకుంటా జారి ఆగిపోయింది.

నాయన అది పడినచోటే చూస్తా, నా వైపు తిరక్కుండానే చెయ్యి చాపినాడు.

"ఇంకోటి ఇయ్యమ్మా."